వెన్న పథ్యం

ఆ ఆసుపత్రిలో పథ్యమ్మ అంటే తెలియని వాళ్లు లేరు. ఆమెకి వేరే పేరుంది, హాజరు పట్టీలో రోజూ పడుతూనే ఉంటుంది, కానీ పెద్ద డాక్టరు దగ్గర్నుంచి గచ్చు తుడిచే మనిషి దాకా అందరూ పిలిచేది పథ్యమ్మ అనే. కింది అంతస్తులో ఉన్న వంటగది ఆమె రాజ్యం. గుండె జబ్బు వాళ్లకి ఏం పెట్టాలో, చక్కెర జబ్బు వాళ్లకి ఏం పెట్టకూడదో, ఆపరేషన్ అయినవాళ్లకి ఏ పూట గంజి, ఏ పూట జావ ఇవ్వాలో నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తుంది.

వంటగదిలోకి ఏ డబ్బా వచ్చినా ముందు ఆమె చేతిలో పడాలి. నుదుటి మీదున్న కళ్లజోడు ముక్కు మీదికి దించి, డబ్బాని కిటికీ వెలుతురులోకి తిప్పి, వెనకున్న చిన్నచిన్న అక్షరాలన్నీ చదువుతుంది. కొవ్వెంత, చక్కెరెంత, వాడిన నూనె ఏది. నచ్చలేదా, ఆ డబ్బా వచ్చిన దారినే వెనక్కి. సరుకు తెచ్చే మనిషి ఆ చదువు పూర్తయ్యేదాకా గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడేవాడు. వెన్న సంగతైతే చదివేదాకా కూడా రానివ్వదు. ఆ గదిలో వెన్న అనడం బూతు మాట అనడంతో సమానం.

ఇంట్లో సంగతి ఇంక చెప్పనక్కర్లేదు. ఆమె భర్త ఊళ్లో పెద్ద పార్కులో తోటమాలి. పన్నెండేళ్ల కిందట ఎండిన కొమ్మ కొడుతూ నిచ్చెన మీంచి పడ్డాడు. పక్కటెముకల కింద ప్లీహం చితికిపోతే ఆపరేషన్ చేసి తీసేశారు. అది లేకపోయినా మనిషి బతికేయొచ్చు, కాకపోతే జ్వరం వస్తే మాత్రం ఆలస్యం చెయ్యొద్దు అని చెప్పి పంపారు. అప్పుడు చేసిన రక్తపరీక్షల్లోనే కొలెస్ట్రాల్ కొంచెం ఎక్కువుందని కూడా తేలింది. "పడ్డది చెట్టు మీంచి, దొరికింది కొవ్వు" అని ఆయన ఇప్పటికీ అందరికీ చెప్పి నవ్విస్తుంటాడు.

నూనె కొంచెం తగ్గించండి అన్నాడు అప్పటి డాక్టరు. కొంచెం అంటే ఎంతో పథ్యమ్మకి తెలియదు. ఆమెకి తెలిసిందల్లా ఉండటం, లేకపోవడం. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఉడకడమే గానీ వేగడం లేదు. ఇరుగుపొరుగు వాళ్లింట్లో తిరగమోత ఘుమఘుమ మొదలైతే ఈవిడ వెళ్లి కిటికీ రెక్కలు వేసేది. ఆయన ఎన్ని హాస్యాలాడినా, పళ్లెంలో పెట్టింది మాత్రం మెతుకు మిగల్చకుండా తినేవాడు. అటువంటి మొగుడు ఎవరికి దొరుకుతాడు అని ఆమె లోపల్లోపల మురిసిపోయేది, పైకి మాత్రం "నములుతూ తినండి, మింగకండి" అని కసిరేది.

వానలు వెలిశాక పార్కు వెనకవైపు గడ్డి నడుమెత్తు పెరిగింది. అవతల అడవిలోంచి జింకలు వచ్చి మేసిపోయే చోటది. ఆయన వారం రోజులు అక్కడే వంగి గడ్డి కోశాడు. ఆ తర్వాత పది పదిహేను రోజులకి జ్వరం పట్టుకుంది. మొదట ఒళ్లు విరుపులు, తర్వాత పళ్లు టకటకలాడే చలి, ఆ వెంటనే దుప్పటి పిండితే కారేంత చెమట. పథ్యమ్మ తన శాస్త్రం తాను అమలు చేసింది. లంఖణం పరమౌషధం అని గంజి తేటతో మూడు రోజులు నడిపింది. జ్వరం వస్తే ఆలస్యం చెయ్యొద్దన్న మాట పన్నెండేళ్లలో ఇద్దరూ మర్చిపోయారు. నాలుగో రోజు పొద్దున్న ఆయన బాత్‌రూమ్‌లోంచి బయటికొచ్చి, "ఏమే, ఒకసారి ఇలా రా, నేను టీ తాగకుండానే టీ పోస్తున్నాను" అన్నాడు. ఆమె ఆయన మొహం కిటికీ వెలుతురుకి తిప్పి కళ్లు చూసింది. తెల్లగుడ్డు పచ్చగా ఉంది. చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా ఆయన్ని తన ఆసుపత్రికే లాక్కొచ్చింది.

అందరూ ముందు మలేరియా అనే అనుకున్నారు. వేలి చివర నుంచి తీసిన రక్తం చుక్క గాజుపలక మీద పరిచి, రంగు వేసి, ల్యాబుకి పంపారు. ల్యాబులో ముప్పై ఏళ్లుగా ఒకే స్టూలు మీద కూర్చుని సూక్ష్మదర్శినిలో చూసే పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. ఆయన్ని అందరూ భూతద్దం తమ్ముడు అంటారు, ఎందుకంటే పథ్యమ్మ అలా పిలుస్తుంది, ఆమె ఎలా పిలిస్తే ఆసుపత్రంతా అలాగే పిలవాలి. ఆయన పలకని చాలాసేపు అటూ ఇటూ జరిపాడు. ఎర్రకణాల్లో ఉంగరాల్లాంటివి ఉన్న మాట నిజమే, మలేరియాలోనూ అలాగే ఉంటాయి. కానీ ఒక కణంలో నాలుగు చుక్కలు కూడలిలో నాలుగు వీధుల్లా ఎదురెదురుగా నిలబడి కనిపించాయి. మలేరియాలో అలా ఉండవు. వెంటనే ఫోనెత్తి డాక్టరమ్మని పిలిచాడు.

"అమ్మా, ఇది దోమ చేసిన పని కాదు. పిడుదు చేసిన పని."

డాక్టరమ్మ వయసులో చిన్నదే గానీ మాటలో తొట్రుపాటు లేదు. వార్డులో మంచం పక్కన కూర్చుని మొగుడూ పెళ్లాలిద్దరికీ అర్థమయ్యేట్టు చెప్పింది. ఈ జబ్బు పేరు బబీసియోసిస్. జింకల మీదా ఎలుకల మీదా రక్తం తాగి బతికే పిడుదు అనే పురుగు కుట్టినప్పుడు దాని నోట్లోంచి మనిషి రక్తంలోకి ఒక క్రిమి దిగుతుంది. ఆ క్రిమి ఎర్రకణాల్లో కాపురం పెట్టి, పిల్లల్ని కని, ఆ కణాన్నే పగలగొట్టుకుని బయటికొస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో చాలామందికి దానంతటదే తగ్గిపోతుంది, వచ్చిందని కూడా తెలియదు. పాడైన కణాల్ని ఏరేసేది ప్లీహం. అది లేనివాళ్లకి మాత్రం ఇది ప్రమాదం.

"నన్ను పిడుదు కుట్టిందా? నాకు తెలియనే లేదే!" అన్నాడు ఆయన.

"నువ్వుగింజ కన్నా చిన్నది ఉంటుందండీ. తెలియదు."

"ముప్పై ఏళ్లు నేను గడ్డిని కోశాను. ఇప్పుడు గడ్డి నన్ను కోసింది, బాకీ తీరిపోయింది" అని నవ్వాడు. నవ్వు మధ్యలో ఆయాసం వచ్చి ఆగిపోయింది.

మందులు రెండు. ఒకటి సీసాలోంచి నరంలోకి ఎక్కేది. రెండోది చిక్కగా పసుపుపచ్చగా ఉండే మందు, రోజుకి రెండు పూటలా నోటితో తాగేది. డాక్టరమ్మ చీటీలో 'భోజనంతో' అని రాసింది. రోజూ పొద్దున్నే రక్తం తీసి పలక మీద చూస్తారు, వంద ఎర్రకణాల్లో ఎన్నింట్లో క్రిమి ఉందో లెక్కేస్తారు. మొదటి రోజు ఆరు. ఈ లెక్క రోజు రోజుకీ దిగాలి. దిగకుండా పది దాకా ఎక్కితే మాత్రం ఒంట్లో రక్తం యంత్రంతో తీసేసి, దాతల రక్తం ఎక్కించాలి. మనిషికి అది తేలిక కాదు, అందుకే అంతదాకా రాకుండా చూద్దాం అంది.

పథ్యమ్మ లేచి చీర కొంగు బిగించింది. "ఆయన భోజనం సంగతి మీరెవరూ పట్టించుకోకండి. నేను చూసుకుంటాను."

ఆ మాటతో వార్డంతా నిశ్చింతగా ఊపిరి పీల్చుకుంది. పథ్యమ్మ చూసుకుంటానంటే ఇంకెవరు చూడాలి? మిగతా మంచాలకి వచ్చే ట్రేల మూతలు తీసి సిస్టర్ ఒకసారి చూసేది. ఈ మంచానికి వచ్చే ట్రే మూత తీసేది కాదు, అలా తీస్తే అపచారం.

ఆ మూతల కింద ఏముండేది? ఇంట్లో వారానికి రెండు సార్లయినా కూరలో అరచెంచా నూనె తగిలేది. ఇంత పెద్ద జబ్బులో ఆ అరచెంచా కూడా ప్రమాదమని పథ్యమ్మ నిశ్చయించేసింది. ఉడికించిన గుమ్మడికాయ. ఉడికించిన కారట్. మీగడ మొత్తం తీసేసిన నీళ్లపాలు. గంజి. కీరదోస ముక్కలు, అవీ తొక్క తీసి. పొద్దునా సాయంత్రం తనే స్వయంగా మోసుకెళ్లి, పక్కన నిలబడి తినిపించి, సిస్టర్ చిన్న గిన్నెలో పోసిచ్చిన మందు తాగించి మూతి తుడిచి వచ్చేది. ఇంత శ్రద్ధగా ఎవరూ మొగుణ్ణి చూసుకోలేరు అని పక్క మంచం ముసలావిడ కూడా మెచ్చుకుంది.

రెండో రోజు లెక్క ఆరే. మూడో రోజు ఆరున్నర. నాలుగో రోజు పొద్దున్న పథ్యమ్మ ల్యాబు గుమ్మంలో నిలబడి ఉంటే భూతద్దం తమ్ముడు వెనక్కి తిరగలేదు. స్టూలు మీద వంగే ఉండి, "ఏడక్కా" అన్నాడు మెల్లగా.

డాక్టరమ్మ చీటీలు తిరగేసింది. ఇవ్వాల్సిన మందే ఇస్తున్నాం, ఇవ్వాల్సినంతే ఇస్తున్నాం, మరెందుకు దిగడం లేదు? ఒంట్లో రక్తం కూడా తగ్గింది, కూర్చుంటే ఆయాసం వస్తోంది. "రేపటికి ఎనిమిదైతే పది దాకా ఆగను. రక్తం మార్చేద్దాం" అంది. ఆయన మాత్రం "నా రక్తం పాతబడిపోయిందా, పాత సామాన్లిచ్చి కొత్తవి పుచ్చుకున్నట్టు ఇచ్చేస్తారా?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. పథ్యమ్మ నడవాలోకి వెళ్లి, ఖాళీ ట్రేల బండి వెనక నిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మనిషి పోతే తానేం చేస్తుంది? ఎవరి కోసం వండుతుంది? వంట చెయ్యడం తప్ప ఇంకేమీ రాని తన చేతులు ఆయన్ని బతికించలేకపోతున్నాయే అని ఏడ్చింది. పాపం, ఆ చేతులు ఇంకా ఏం చేస్తున్నాయో అప్పటికి ఆమెకి తెలియదు.

ఆ సాయంత్రం ఆరు గంటలకి ఎప్పటిలాగే ట్రే తెచ్చింది. సిస్టర్ పసుపు మందు గిన్నెలో పోసి ఆయన చేతికిచ్చింది. ఆయన దాన్ని పెదవుల దాకా తెచ్చి మొహం ముడిచాడు.

"ఏంటోనే ఈ మందు. గోడలకేసే రంగులా ఉంటుంది. తాగాక నాలిక్కి జిడ్డుగా అంటుకుంటుంది."

జిడ్డు అన్న మాట చెవిన పడేసరికి పథ్యమ్మ చేతిలో చెంచా ఆగిపోయింది. ఏడ్చి ఏడ్చి ఉన్నా సరే, ఎక్కడ జిడ్డుంటే అక్కడ ఆమె చెవులు నిక్కబొడుచుకుంటాయి.

"జిడ్డా? అందులో నూనె ఉందా ఏంటి? ఆగండి, తాగకండి! సిస్టర్, ఆ మందు డబ్బా ఇలా ఇవ్వు."

"మందుకి కూడా పథ్యమేనా అమ్మా?" అని సిస్టర్ నవ్వుతూనే డబ్బా తెచ్చిచ్చింది. డబ్బాలో సీసాతో పాటు మడతలు మడతలుగా పెట్టిన కాగితం ఒకటుంది. పథ్యమ్మ కళ్లజోడు దించి, కిటికీ దగ్గరికి వెళ్లి, ఆ కాగితం విప్పి చీమ కాళ్లంత అక్షరాలు చదవడం మొదలుపెట్టింది. ఏమేం కలిపారో మొత్తం చదివింది. నూనె లేదు. సరే, అని మళ్లీ మడత పెట్టబోతుంటే కింది మడతలో ఇంకో వాక్యం కనిపించింది.

ఈ మందుని కొవ్వు ఉన్న ఆహారంతోనే తీసుకోవాలి. కొవ్వు లేకపోతే మందు ఒంటికి సరిగ్గా పట్టదు.

మూడుసార్లు చదివింది. నాలుగోసారి చదవడానికి కళ్లు కనిపించలేదు. ఇప్పటికి ఆరు పూటలు మందు తాగించింది. ఆరు పూటలూ తనే నిలబడి, నూనె చుక్క తగలని తిండి పెట్టి మరీ తాగించింది. మందు లోపలికి వెళ్లింది, వెళ్లినట్టే బయటికి పోయింది. లోపల క్రిములు మాత్రం హాయిగా కాపురం చేసుకుంటున్నాయి. కంచే చేను మేసిందంటే ఇదే గదా అనుకుంది.

ఆ క్షణంలో ఆమెకి ఇంకో ఆలోచన కూడా వచ్చిందని ఒప్పుకోవాలి. కాగితం మడిచి డబ్బాలో పెట్టేసి, రేపటి నుంచి ట్రేలో నాలుగు చెంచాల నూనె వేసేస్తే ఎవరికి తెలుస్తుంది? తన పేరుకి మచ్చ రాదు. పథ్యమ్మ పథ్యమ్మలాగే ఉంటుంది. కానీ రేపు డాక్టరమ్మ రక్తం మార్చాలో వద్దో తేల్చుకోవాలి. మందు పనిచెయ్యడం లేదనుకుని తేల్చుకోవడం వేరు, మందు అసలు ఒంటికే పట్టలేదని తెలిసి తేల్చుకోవడం వేరు. పేరు ఏమైపోతే పోనీ. మందు గిన్నె ఆయన చేతిలోంచి లాక్కుని సిస్టర్ చేతిలో పెట్టి, "ఇది పట్టుకుని ఇక్కడే ఉండు, నేనొచ్చేదాకా ఆయనకి ఇవ్వకు" అని డాక్టరమ్మ గదికి పరిగెత్తింది.

"డాక్టరమ్మా, తప్పు మందుది కాదు. నాది" అని కాగితం బల్ల మీద పరిచింది. ట్రేలలో ఏమేం పెట్టిందో, ఏమేం తీసేసిందో ఒక్కటీ దాచకుండా చెప్పింది. "ఆయన్ని నా చేతుల్తో నేనే..." అని ఇంక అనలేకపోయింది.

డాక్టరమ్మ కాగితం చూసింది, ఆమెని చూసింది. లేచి వచ్చి ఆమెని కుర్చీలో కూర్చోబెట్టింది.

"పథ్యమ్మగారూ, ఈ సంగతి నాకు తెలుసు. భోజనంతో అని రాసి ఊరుకున్నాను, ఎలాంటి భోజనమో రాయలేదు. పథ్యమ్మగారి ట్రే కదా అని మేమెవరం మూత తీసి చూడలేదు. తప్పు మీది పావు వంతు ఉంటుందేమో, మిగతాది మాది. ఈ పూట మందు తాగేశారా?"

"లేదమ్మా. సిస్టర్ చేతిలో పెట్టొచ్చాను."

"బంగారం లాంటి మాట చెప్పారు. అయితే వెళ్లి ముందు తిండి సంగతి చూడండి. గుడ్లు, మీగడ పాలు, వెన్న, ఏదైనా సరే. అది తిన్నాక మందు. రక్తం సిద్ధం చేయించే ఉంచుతాను, కానీ ఇవాళ్టి నుంచి మందుకి ఒక అవకాశం ఇద్దాం."

"మరి కొలెస్ట్రాల్..."

"మనిషుంటే కదా అమ్మా కొలెస్ట్రాల్! దాని సంగతి తర్వాత చూద్దాం."

పథ్యమ్మ మెట్లు దిగి వంటగదిలోకి వచ్చేసరికి సాయంత్రపు ట్రేలు సర్దుతున్నారు. గుమ్మంలోనే నిలబడి, "వెన్న కావాలి" అంది.

ఎవరి చేతిలోంచో గరిట కింద పడింది. ఆమె కింద పనిచేసే చిన్నవంట, గిన్నెలు కడిగే ఆయన, ట్రేల బండి తోసే ఆవిడ, ముగ్గురూ రాళ్లలా నిలబడ్డారు. చివరికి చిన్నవంట దగ్గరికొచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

"పెద్దమ్మా, ఒంట్లో బాగానే ఉందా?"

"నాకు బాగానే ఉంది. మీ పెదనాన్నకే బాగోలేదు. ఆయనకి వెన్నే మందు. తొందరగా, వెన్న!"

"మన దగ్గర వెన్నెక్కడుంటుంది పెద్దమ్మా?" అంది చిన్నవంట, గచ్చు వైపు చూస్తూ.

పథ్యమ్మ దాని మొహం చూసింది. ఇరవై ఏళ్లు మనుషుల చేత వంట చేయించిన మనిషికి మొహాలు చదవడం డబ్బాలు చదవడం కన్నా సులువు. "ఉందని నీ మొహమే చెబుతోంది. తియ్యి. నిన్నేమీ అనను, మీ పెదనాన్న మీద ఒట్టు."

చిన్నవంట జావ పిండి డబ్బా వెనక నుంచి ఒక పొట్లం తీసింది. అది చూసి ధైర్యం వచ్చి గిన్నెలాయన చలిపెట్టెలో బఠాణీల సంచి కింద నుంచి ఇంకోటి తీశాడు. బండి ఆవిడ బండి కింది అరలో మడిచిన తుండుగుడ్డలు తప్పించి మూడోది తీసి బల్ల మీద పెట్టింది. పథ్యమ్మ మూడు పొట్లాల వంకా మార్చి మార్చి చూసింది. ప్రపంచంలో ఉన్న డబ్బాలన్నీ కిటికీ దగ్గర నిలబడి చదివింది, తన గదిలో మూడు చోట్ల వెన్న ఉన్న సంగతి మాత్రం ఆమెకి తెలియదు. దీపం కింద చీకటంటే ఏంటో ఆమెకి అప్పుడర్థమైంది.

"ప్రసవాల వార్డుకి మాత్రమే పెద్దమ్మా" అని చిన్నవంట గొణిగింది. "బాలింతల సూపులో కొంచెం. గుండె వాళ్లకి ఎప్పుడూ వెయ్యలేదు, ఒట్టు!"

"అయితే బాలింతలందరూ సూపు బ్రహ్మాండంగా ఉందని నన్ను పొగిడేది..." అని పథ్యమ్మ సగంలో ఆపి, పకపకా నవ్వేసింది. నాలుగు రోజుల తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు. నవ్వుతూనే పెనం పొయ్యి మీద పెట్టింది.

పెనం కాలింది. వెన్న ముక్క కోసి చేతిలో పట్టుకుంది గానీ చెయ్యి ఒక పట్టాన ముందుకి వెళ్లలేదు. పన్నెండేళ్ల పంతం ఒక్కసారిగా వదలదు కదా. చిన్నవంట పక్కన నిలబడి "వెయ్యి పెద్దమ్మా, వెయ్యి" అని ఉత్సాహపరిచింది. పథ్యమ్మ కళ్లు మూసుకుని వేసేసింది. చుయ్యిమంది. రెండు గుడ్లు పగలగొట్టి పోసింది, రొట్టె ముక్కలు ఆ వెన్నలోనే ఎర్రగా కాల్చింది, మీగడతో ఉన్న పాలు కాచింది. ఆ వాసన మెట్లెక్కి రెండు అంతస్తులు తిరిగింది. నడవాలో రోగులు గుమ్మాల్లోంచి తలలు బయటికి పెట్టి, ఈ వైభోగం ఎవరికమ్మా అని అడిగారు. ఆమె ఎవరికీ జవాబు చెప్పకుండా ట్రే పట్టుకుని గబగబా నడిచిపోయింది.

ఆయన మూత తీశాడు. గుడ్లు చూశాడు. రొట్టె చూశాడు. పక్కనున్న వెన్న ముద్దని వేలితో ముట్టుకుని చూశాడు. తలెత్తి పెళ్లాం ఎర్రటి కళ్లని చూసి, నెమ్మదిగా సిస్టర్ వైపు తిరిగాడు.

"సిస్టర్, దాచకుండా చెప్పండి. నా పని అయిపోయిందా? ఆఖరి కోరిక తీరుస్తున్నారా?"

సిస్టర్ మందు గిన్నె ఒలికిపోకుండా పట్టుకోవడానికి నానా పాట్లు పడింది. పథ్యమ్మకి నవ్వూ ఏడుపూ కలిసి ఒక్కసారే వచ్చాయి. మంచం అంచున కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పింది. "మీ ప్రాణాల మీదికి తెచ్చింది నేనేనండీ. నేను పెట్టిన తిండి వల్లే మందు పట్టలేదు."

"ముందు తిననీ. తర్వాత క్షమిస్తాను" అని ఆయన గుడ్డు చుట్టి నోట్లో పెట్టుకున్నాడు. నాలుగు రోజులుగా రెండు ముద్దలకే పళ్లెం తోసేసిన మనిషి ఆ పూట పళ్లెం ఖాళీ చేశాడు. ఆ తర్వాత మందు గటగటా తాగి, "ఇప్పుడిది కూడా బాగానే ఉంది" అన్నాడు.

మర్నాడు పొద్దున్న లెక్క ఏడు దగ్గరే ఉంది. ఎక్కలేదు అంటే అదే గెలుపు, ఇంకో రోజు చూద్దాం అంది డాక్టరమ్మ. రక్తం సంచులు చల్లటి పెట్టెలోనే ఉన్నాయి. పథ్యమ్మ ఆ రోజంతా వంటగదిలో నిలవలేకపోయింది, వార్డులో కూర్చోలేకపోయింది. మెట్లెక్కడం, మెట్లు దిగడం, అదే పని. ఆ మర్నాడు భూతద్దం తమ్ముడు స్టూలు మీంచి వెనక్కి తిరిగి, "అయిదక్కా!" అని ల్యాబంతా వినిపించేట్టు అరిచాడు. ఆమె అక్కడే నేల మీద కూలబడి దండం పెట్టింది, ఎవరికి పెట్టిందో ఆమెకే తెలియదు.

తర్వాత మూడు. ఆ తర్వాత ఒకటి. కళ్లలో పచ్చదనం పోయింది, టీ రంగు పోయింది, కూర్చుంటే వచ్చే ఆయాసం పోయింది. ఆయన బుగ్గలు తేరుకోవడం చూసి పక్క మంచం ముసలావిడ నాకూ ఆ పిడుదేదో కుడితే బాగుండు అంది. చల్లటి పెట్టెలో ఆయన కోసం ఉంచిన రక్తం వేరే ఎవరికో అవసరమైతే పంపేశారు.

తొమ్మిదో రోజు సాయంత్రం భూతద్దం తమ్ముడు స్వయంగా వంటగదికి వచ్చాడు. ముప్పై ఏళ్లలో ఆయన ఆ మెట్లు దిగడం అదే మొదటిసారి. "అక్కా, రా. నువ్వే చూడు" అని తీసుకెళ్లి స్టూలు మీద కూర్చోబెట్టాడు. పథ్యమ్మ కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, ఒక కన్ను మూసి, రెండో కన్ను అద్దానికి ఆనించింది. లేత గులాబీ రంగులో గుండ్రంగా కణాలు, కడిగి బోర్లించిన పళ్లేల్లా. ఎంత వెతికినా వాటి లోపల ఒక చుక్క లేదు, ఒక ఉంగరం లేదు.

"ఏమీ కనిపించడం లేదు తమ్ముడూ."

"కనిపించకూడదక్కా. మూడుసార్లు చూశాను. ఏమీ లేదు."

డాక్టరమ్మ మాత్రం జాగ్రత్త మాట చెప్పింది. ప్లీహం లేని మనిషి కాబట్టి మందు ఇప్పుడే ఆపకూడదు, ఇంటికెళ్లాక కూడా కొన్ని వారాలు తాగాలి, వారం వారం వచ్చి రక్తం చూపించాలి, మందు ఉన్నన్నాళ్లూ తిండిలో కొవ్వు ఉండాలి. గడ్డిలోకి వెళ్తే ప్యాంటు అంచులు మేజోళ్లలో దోపుకోవాలి, ఇంటికి రాగానే ఒళ్లంతా వెతుక్కోవాలి. "వెతికే పని నాకొదిలెయ్యండి" అంది పథ్యమ్మ. ఆ మాటకి ఆయన ఏదో అనబోయి, డాక్టరమ్మ ఉందని ఊరుకున్నాడు.

ఆ పూట ట్రే ఆమె పరుగులాంటి నడకతో తెచ్చింది. ఏమీ లేదన్న మాట ఆయనకి నాలుగు సార్లు చెప్పింది, నాలుగు సార్లూ ఆయన మొదటిసారి విన్నట్టే విన్నాడు. తర్వాత ఆయన గుడ్డూ రొట్టే ముందేసుకుని, "నువ్వు తిన్నావా?" అని అడిగాడు.

"ఇప్పుడే తింటాను" అని ఆమె స్టూలు లాక్కుని, తన డబ్బా మూత తీసింది. ఆయన ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగాడు. డబ్బాలో ఉడికించిన గుమ్మడికాయా, వట్టి రొట్టె ముక్కా ఉన్నాయి.

"అదేంటే?"

"నా భోజనం."

"అది నా పథ్యం కదే! నాదే మారిపోతే నీకింకా ఎందుకది? నీకూ కొలెస్ట్రాల్ ఉందా?"

"నాకెందుకుంటుంది? పోయినేడే చూపించుకున్నాను. గుండ్రాయిలా ఉన్నానన్నారు."

"మరి?"

"మరేముంది. మీరు చప్పిడి తింటుంటే ఎదురుగా కూర్చుని నేను వేపుళ్లు తింటానా? నోట్లోకెలా పోతుంది? అందుకని నేనూ ఇదే..." అని ఆమె గుమ్మడి ముక్క చెంచాతో అటూ ఇటూ దొర్లించింది.

ఆయన ముద్ద పళ్లెంలో పెట్టేశాడు. "ఉండుండు. అంటే నీకది ఇష్టం కాదా?"

"ఇష్టమా! పన్నెండేళ్ల నుంచి గొంతు దిగదు నాకది."

ఆయన ఆమెనే చూస్తూ ఉండిపోయాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, మూతి మాత్రం నవ్వుకి వంకర తిరుగుతోంది. "నీకిష్టమనుకున్నానే పిచ్చిదానా. ఎంత ప్రేమగా తింటోంది, బాగోలేదంటే ఎక్కడ నొచ్చుకుంటుందో అని, నోరు మూసుకుని తిన్నాను ఇన్నేళ్లూ."

ముందు ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ మంచం ఊగిపోయేట్టు నవ్వారు. పన్నెండేళ్ల గుమ్మడికాయలన్నీ గుర్తొచ్చి నవ్వారు. సిస్టర్ పెదాల మీద వేలు పెట్టుకుని గబగబా వచ్చి, ఎందుకో తెలియకుండానే తనూ నవ్వడం మొదలుపెట్టింది. పథ్యమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే ఉంది, కళ్లు మళ్లీ నిండుతూనే ఉన్నాయి.

ఆయన ఆమె చేతిలోంచి డబ్బా తీసుకుని పక్కన పెట్టేశాడు. రొట్టె రెండు ముక్కలు చేసి, ఒక ముక్క మీద అంచుల దాకా వెన్న రాసి, దాని మీద గుడ్డు సగం పెట్టి ఆమెకి అందించాడు.

"తిను."

"నేను మందు తాగడం లేదు కదండీ."

"మందు లేకుండానే తిను."

ఆమె కొరికింది. కళ్లు మూసుకుని చాలాసేపు నమిలింది. ఆయన మంచం మీంచి ముందుకి వంగి ఆమె మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు.

"ఎలా ఉంది?"

"ఉప్పు తక్కువైంది" అంది ఆమె, రెండో ముక్క కోసం చెయ్యి చాపుతూ.